రాతి దుప్పటి

ఏ భాషలో పుట్టి పెరిగామో ఆ భాషలో ఏ సంగతైనా చెప్పగలమని ప్రతివాడూ అనుకుంటాడు. నేనూ అట్లాగే అనుకుంటూ డెబ్బై ఏళ్ళకు దగ్గర పడ్డాను. అది ఒట్టి భ్రమ అని 2023వ సంవత్సరం ఆగస్టు 27వ తేదీ ఆదివారం నాడు, మన సంఘం హాలులో, ముప్ఫైమంది పిల్లల ఎదుట నాకు తెలిసివచ్చింది.

సంగతి ఇది. ఆ ముందు బుధవారం సాయంకాలం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 వారి విక్రమ్ చంద్రుడి మీద, దక్షిణ ధ్రువం వైపున, క్షేమంగా దిగింది. మా షోలాపూరులో వీధి వీధినా టపాకాయలు పేలాయి. మన సంఘంవారు ఆదివారం పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నారు గదా. ఆ వారం అక్షరాలు పక్కనపెట్టి చంద్రయానం గురించి ఒక గంటసేపు తెలుగులో చెప్పించాలని కార్యదర్శిగారికి తోచింది. "మాస్టారూ, మీకంటే తగినవారెవరున్నారు?" అని నన్ను పట్టుకున్నారు. పొగడ్తకు లొంగనివాడెవడు? ఒప్పుకున్నాను.

నా చదువు సంధ్యలు మీలో చాలామందివాటి వంటివే. మా ముత్తాతలు నైజాం ఇలాకా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరు వచ్చారు. నేను నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, ఆపైన మరాఠీలో పడ్డాను. ముప్ఫైరెండేళ్ళు మరాఠీ హైస్కూలులో సైన్సు మాస్టరుగా పనిచేశాను. గ్రహాలు, ఉపగ్రహాలు, చంద్రుడి కళలు ఎన్ని వందలసార్లు చెప్పానో లెక్కలేదు. అంతా మరాఠీలోనే. ఇంటికి వచ్చి చెప్పులు విడిచిన తర్వాతనే నాకు తెలుగు.

ఆ ఆదివారం లేచి నిలబడి, "పిల్లలూ, శ్రీహరికోట నుంచి జులై 14న" అని మొదలుపెట్టాను. అంతవరకు బాగానే ఉంది. రాకెట్టు పైకి లేచే దగ్గర నా నోట "అగ్నిబాణ్" అని వచ్చింది. సర్దుకున్నాను. గుంట అనవలసిన చోట "వివర్" అన్నాను. చంద్రుడి నేల అనబోయి "పృష్ఠభాగ్" అన్నాను. పది నిమిషాలు గడిచేసరికి క్రియలు మాత్రమే తెలుగు, తక్కినదంతా మరాఠీ అయింది. ముందు వరసలో కూర్చున్న ఒక కుర్రవాడు చాలా మర్యాదగా చెయ్యెత్తి, "సార్, మొత్తం మరాఠీలోనే చెప్పండి, మాకు మంచిగ తెలుస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మొత్తం మరాఠీలోనే చెప్పాను. పిల్లలకు బాగానే తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు మా మనుమరాలు నా పక్కన నడుస్తూ, "తాతా, గవి తెలుగుల లేనే లేవా?" అని అడిగింది. దానికి పదకొండేళ్ళు. ఇంగ్లీషు బడిలో ఆరో తరగతి చదువుతున్నది.

"ఉన్నయమ్మా."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

నేను జవాబు వెతుక్కుంటూంటే, పాపం, అదే నన్ను ఓదార్చింది. "పోనీ తియ్యి తాతా. తెలుగు ఇంట్ల మాట్లాడుకునేటందుకే గదా."

ఆ మాట అది వెక్కిరింపుగా అనలేదు. ఉన్న సంగతి అన్నది. అందుకే నాకు ఎక్కువ తగిలింది. అన్నం పెట్టు, తలుపు వెయ్యి, మామకు దండం పెట్టు అనడానికి తెలుగు చాలును. ఆకాశం వైపు చూడవలసి వచ్చినప్పుడు వేరే భాష తీసుకోవాలి. ఇంట్లో ఇట్లా జరిగితే భాష ఒక్కసారిగా పోదు. వంటింట్లోకి ముడుచుకుపోయి, అక్కడే ముసలిదవుతుంది.

ఆ రాత్రి నాకు మా నాయిన జ్ఞాపకం వచ్చాడు. 1969 జులై 21, సోమవారం. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. అమెరికావారి అపోలో-11 మన లెక్కన అర్ధరాత్రి దాటి 1 గంట 47 నిమిషాలకు చంద్రుడి మీద దిగింది. పొద్దున్న ఎనిమిదిన్నర వేళకు నీల్ ఆర్మ్‌స్ట్రాంగు అక్కడ కాలు మోపాడు. మా సందు మొగలో ఉన్న చాయ హోటలు రేడియో దగ్గర జనం ముసురుకున్నారు. నేను విని పరుగెత్తుకొచ్చి నాయినకు చెప్పాను. ఆయన చద్దరు మగ్గం మీద ఉన్నాడు. నాడె ఆపి, ఒకటే ప్రశ్న వేశాడు.

"ఆడ నేల ఎట్లున్నదట బిడ్డా? మన్నా, రాయా? కాలు దిగవడదా?"

నేను బడిలో విన్నదంతా మరాఠీలో అప్పజెప్పాను. అక్కడ గాలి లేదని, బరువు ఆరో వంతేనని. ఆయన ఓపికగా విని, "అది గాదు, నేల సంగతి" అన్నాడు. నాకు తెలియదు. "సరే, తెలిసినప్పుడు చెప్పు" అని నాడె విసిరాడు. నాకు తర్వాత తెలిసింది. చదివాను, వందలమంది పిల్లలకు చెప్పాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. 1981లో ఆయన పోయాడు. ఆయనకు మరాఠీ రాదు. బజారు పనికి మాత్రం రెండు మాటలు వచ్చేవి. నాకు తెలుగులో చెప్పడం రాదు. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ చిన్న జవాబు మా ఇద్దరి మధ్య అట్లా నిలిచిపోయింది.

మరునాడు నిఘంటువులు దించాను. తెలుగులో మాటలు లేకేమి, ఉన్నాయి. అంతరిక్ష నౌక, వ్యోమగామి, ఉపగ్రహం, కక్ష్య, పలాయన వేగం. మంచి మాటలే. మరాఠీవారి "అంతరాళయాన్", "ఉపగ్రహ", "కక్షా" వీటికి అన్నదమ్ములే, అందరిదీ సంస్కృతపు పుట్టిల్లే గదా. కాని ఈ మాటలు పిల్లల ముందు పెడితే అవి పట్టుబట్టలు కట్టుకొని వచ్చిన చుట్టాలలాగా గుమ్మంలోనే నిలబడతాయి. లోపలికి రమ్మని పిలిచేవాడు కావాలి.

అప్పుడు నాకు ఇంకొక ఆలోచన వచ్చింది. మనం ఇంత గౌరవంతో పలికే ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయి? మా పాత హైస్కూలులో మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఉన్నది. వెళ్ళి రెండు పూటలు కూర్చుని చూశాను. చూసినకొద్దీ నాకు నవ్వు వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

రాకెట్టు అన్న మాట ఇటలీ వారిది. దారం చుట్టుకునే చిన్న కండెకు వాళ్ళ భాషలో ఉన్న పేరు. బాణసంచా గొట్టం చూడటానికి కండెలాగా ఉందని ఆ పేరు పెట్టారు. మా అమ్మ జన్మంతా చుట్టింది కండెలే! ఆర్బిట్ అంటే లాటిను భాషలో బండిచక్రం పోయి పోయి నేల మీద పడే గాడి. క్రేటర్ అంటే గ్రీకులు ద్రాక్షసారాయిలో నీళ్ళు కలుపుకునే వెడల్పు మూతి బాన. కాప్స్యూల్ అంటే చిన్న పెట్టె. ఇవన్నీ వాళ్ళ వంటిళ్ళలో, బండ్ల బాటల్లో, నూలు వడికే ఆడవాళ్ళ చేతుల్లో పుట్టిన మాటలే. వాళ్ళు వాటిని సిగ్గుపడకుండా చంద్రలోకం దాకా తీసుకుపోయారు. మనం మన ఇంటి మాటలను గుమ్మం దాటనివ్వలేదు. తేడా అంతే.

ఇంతమాత్రాన రాకెట్టును కండె అని పిలవాలని నేను చెప్పడం లేదు. రాకెట్టు రాకెట్టే. రైలు, బస్సు, చాయ మనవి కాలేదా? పేరు ఎక్కడిదైనా ఫరవాలేదు. పేరు వెనక ఉన్న వస్తువును మన ఇంటి మాటలతో విప్పి చెప్పగలగాలి. నా పట్టుదల అంతవరకే.

సెప్టెంబరు 3వ తేదీ ఆదివారం నేను అడిగి మరీ ఇంకొక గంట పుచ్చుకున్నాను. ఈసారి చేతిలో ఒక మగ్గపు కండె, ఒక పళ్ళెం, రెండు సేర్ల జొన్నపిండి, కాస్త పసుపు, జేబులో నాలుగు గోళీలు ఉన్నాయి. "గింత పిండి ఎవరు తినాలె మల్ల?" అని మా ఇంటావిడ గుమ్మం దాకా వచ్చి అడిగింది. చంద్రుడి కోసం అన్నాను.

మొదట రాకెట్టు. శ్రీహరికోటలో లేచిన ఆ రాకెట్టు ఎత్తు 43 మీటర్ల పైమాట, బరువు 640 టన్నులు. అందులో చంద్రుడి వైపు పంపిన సరుకు నాలుగు టన్నులకు తక్కువే. తక్కినది చాలావరకు మండిపోయే ఇంధనం. ఒక భాగం మండి అయిపోగానే దాన్ని విడిచేసి తరువాతి భాగం వెలుగుతుంది. దీనికి మనకు ఎంత చక్కని మాట ఉందో చూడండి: అంచె. పూర్వం ఉత్తరాలు తీసుకుపోయే మనుషులు ఒక చోట దిగి రెండో వాడికి అందించేవారే, ఆ అంచె. మూడంచెల రాకెట్టు అంటే పిల్లలకు వివరించే పనే లేకపోయింది. రిలే పరుగు పందెం అని వాళ్ళే అన్నారు.

తరువాత కక్ష్య. మన రేగడి నేలల్లో వానాకాలం బండ్లు నడిస్తే గాళ్ళు పడతాయి. ఒకసారి చక్రం గాడిలో పడిందా, ఎద్దులు నిద్రపోయినా బండి అదే దారిన పోతుంది. ఆకాశంలో నేల లేదు గనుక గాడి కనబడదు. భూమి లాగుడు ఒక పక్క, బండి వేగం ఒక పక్క, ఈ రెండూ సరితూగినప్పుడు బండి కింద పడదు, పారిపోదు, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. నిజానికి అది ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. కాని ముందుకు పోయే వేగం వలన భూమి అంచు తప్పిపోతూ ఉంటుంది. భూమిని పూర్తిగా వదిలిపోవాలంటే సెకండుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. అదే పలాయన వేగం. ఆ వేగంతో షోలాపూరు నుంచి పండరిపురం ఆరేడు సెకండ్ల ప్రయాణం. ఆషాఢ ఏకాదశికి అందరికీ అనుకూలమే అని ఒక పెద్దాయన వెనక నుంచి అన్నారు.

అపోలో-11 నాలుగు రోజుల్లో చంద్రుణ్ణి చేరింది. మనవాళ్ళకు నలభై రోజులు ఎందుకు పట్టింది? ఉయ్యాలతో చెప్పాను. బలవంతుడు ఒక్క తోపుతో ఉయ్యాలను కొసకు పంపుతాడు. చిన్నపిల్ల అయితే ఉయ్యాల కిందికి వచ్చిన ప్రతిసారీ కాస్త కాస్త తోస్తుంది. కొస ప్రతిసారీ ఇంకాస్త దూరం పోతుంది. చంద్రయాన్-3 మొదటి గాడి భూమికి దగ్గరి కొసన 170 కిలోమీటర్లు, దూరపు కొసన 36,500 కిలోమీటర్లు. ప్రతిసారీ దగ్గరి కొసకు వచ్చినప్పుడు ఇంజను కొంచెంసేపు మండించి దూరపు కొసను సాగదీశారు. ఆగస్టు 1న చివరి తోపుతో చంద్రుడి దారి పట్టించారు. 5వ తేదీన అది చంద్రుడి గాడిలో పడింది. పెద్ద రాకెట్టు లేనివాడు ఓపికతో చేసిన పని అది. మన చేనేత కుటుంబాలకు ఇది వేరే చెప్పాలా!

దిగడం అన్నిటికంటె కష్టం. చంద్రుడి మీద గాలి లేదు గనుక గొడుగు విప్పుకొని దిగే వీలు లేదు. ఇంజనునే దిగే దిశకు ఎదురుగా మండించి వేగం తగ్గించుకోవాలి. సెకండుకు ఒక కిలోమీటరుకు పైగా ఉన్న వేగాన్ని ఇరవై నిమిషాల లోపల మనిషి నడక వేగానికి తేవాలి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 లాండరు ఇక్కడే తప్పింది. రష్యావారి లూనా-2 1959లోనే చంద్రుణ్ణి చేరింది, కాని గుద్దుకొని చేరింది. మెత్తగా దిగిన మొదటిది 1966 ఫిబ్రవరి 3న దిగిన లూనా-9. లాండరు అంటే దిగుడుబండి అనుకుందామన్నాను. రోవర్ అంటే ఏమిటని అడిగితే, నేను ఆలోచించకుండా, "తిరిగేది, తిరుగుబోతు" అన్నాను. తల్లులు కొందరు పైట అడ్డం పెట్టుకొని నవ్వారు. తక్షణం మాట వెనక్కి తీసుకున్నాను. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవరు పరువు గల వస్తువు. మొత్తం నూరు మీటర్ల లెక్క నడిచింది. ఆగస్టు 27న, అంటే నేను హాలులో తడబడిన రోజునే, ఎదురుగా మూడు మీటర్ల దూరాన నాలుగు మీటర్ల వెడల్పు గుంట కనబడితే దాన్ని బుద్ధిగా వెనక్కు మళ్ళించారు. నేను గుంటలో పడ్డాను, అది పడలేదు.

ఇక గుంటల సంగతికి పిండి తీశాను. పళ్ళెంలో జొన్నపిండి పరిచి, పైన పలచగా పసుపు చల్లాను. ఒక పిల్ల బల్ల ఎక్కి గోళీ వదిలింది. పసుపు చెదిరి, లోపలి తెల్లపిండి నాలుగు దిక్కులా గీతలుగా చిమ్మింది. మధ్యన గుండ్రంగా గుంట, చుట్టూ గట్టు. ఆకాశం నుంచి వచ్చి పడిన రాళ్ళు చంద్రుడి మీద చేసినవి ఇవే. వాటిలో టైకో అనేది 85 కిలోమీటర్ల వెడల్పు. అంత గట్టిగా దెబ్బ తగిలితే అడుగున ఉన్న రాయి కూడా పాలలో చుక్క పడ్డప్పటిలాగా పైకి ఎగసి, మధ్యన కొండగా గడ్డకడుతుంది. పున్నమి నాడు చంద్రుడి కింది వైపున టైకో నుంచి తెల్లని చారలు చిమ్మినట్లు కనబడతాయి. గుంటలు మాత్రం పున్నమి నాడు సరిగా కనబడవు. అష్టమి నాడు, వెలుగూ చీకటీ కలిసే అంచు వద్ద నీడలు పొడుగ్గా పడతాయి. అప్పుడు చూడాలి. చిన్న దుర్భిణి ఉన్నా చాలు.

నల్లని మచ్చల మాటకు వస్తే, 1651లో ఇటలీ దేశపు రిచ్చోలి వాటికి సముద్రాల పేర్లు పెట్టాడు. ప్రశాంత సముద్రం, వర్షాల సముద్రం, తుఫానుల మహాసముద్రం. ఒక్కదానిలోనూ చుక్క నీరు లేదు. కోట్ల కోట్ల ఏళ్ళ కిందట లోపలి రాయి కరిగి పొంగి, పల్లాల్లో పారి గడ్డకట్టిన మైదానాలవి. తెల్లగా మెరిసేవి పాత మెరకలు. మనవాళ్ళు ఆ నలుపులో కుందేలును చూశారు. మా అవ్వ ముసలమ్మ రాట్నం వడుకుతోందనేది. తప్పు పేరు పెట్టినా వాళ్ళది పటానికెక్కింది. నీటి ఆనవాళ్ళు చివరకు వేరే చోట దొరికాయి. 2008లో పోయిన మన చంద్రయాన్-1 మీది అమెరికా పరికరం చంద్రుడి నేలలో నీటి జాడ ఉన్నదని 2009లో బయటపెట్టింది. ధ్రువాల దగ్గర ఎన్నడూ ఎండ సోకని గుంటల అడుగున మంచు ఉన్నదని తేలింది. దక్షిణ ధ్రువం వైపు అందరి చూపూ మళ్ళినది అందుకే.

అప్పటికి గంట అయిపోవచ్చింది. చివరి మాట ఒకటి మిగిలింది. అసలు నేను ఈ గంట అడిగి తీసుకున్నది ఆ మాట కోసమే.

చంద్రుడి నేల మీద ఉన్నదానిని మట్టి అనడానికి వీలులేదు. మట్టిలో చచ్చిన ఆకు, పురుగు, నీటి తడి ఉండాలి. అక్కడ అవేవీ లేవు. ఇసుక అనలేము, నీటిలో దొర్లి నునుపైన గింజలు కావవి. చిన్నా పెద్దా రాళ్ళు కోట్లాది సంవత్సరాలు పడి పడి, కింది రాయిని దంచి దంచి చేసిన పొడి అది. గాలి, నీరు అరగదీయలేదు గనుక ప్రతి నలుసూ గాజుపెంకులాగా వాడిగా ఉంటుంది. బట్టలకు పట్టి వదలదు. అపోలో వాళ్ళు లోపలికి వచ్చి టోపీలు తీస్తే కాల్చిన తుపాకిమందు వాసన వేసిందట. నల్లని మైదానాల్లో ఆ పొడి నాలుగైదు మీటర్ల మందం, మెరకల్లో పది పదిహేను మీటర్లు. 1966కు ముందు కొందరు శాస్త్రజ్ఞులకు ఇదే భయం, ఆ దుమ్ములో దిగిన బండి మునిగిపోతుందేమోనని. లూనా-9 మునగలేదు. ఆర్మ్‌స్ట్రాంగు కాలు బూటు అచ్చు పడేంత మాత్రమే దిగింది. గాలి లేదు గనుక ఆ అచ్చు ఇంకా చెరగలేదు.

ఈ పొడి పొరను ఇంగ్లీషులో రెగోలిత్ అంటారు. నేను ముప్ఫైరెండేళ్ళు ఆ మాటను పలికాను గాని లోపల ఏముందో చూడలేదు. 1897లో మెర్రిల్ అనే అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు రెండు గ్రీకు మాటలు కలిపి దాన్ని కుట్టాడు. రెండోది రాయి. మొదటిది దుప్పటి.

నిఘంటువులో అది చదివినప్పుడు నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చదివాను. రాతి దుప్పటి! చద్దర్లకు దేశమంతటా పేరుపడ్డ ఈ ఊళ్ళో, చద్దరు మగ్గం మీద కూర్చున్న మనిషి, "ఆడ నేల ఎట్లున్నది" అని అడిగాడు. చద్దరు పరిచినట్లున్నది నాయినా అని ఒక్క మాట అంటే చాలును. ఆ మాట యాభైనాలుగేళ్ళు ఆలస్యమైంది.

అది పేరుకు మాత్రమే దుప్పటి కాదు, పనికి కూడా దుప్పటే. విక్రమ్ తనతో ఒక ఉష్ణమాపకపు సూదిని తీసుకుపోయి ఆ పొడిలోకి గుచ్చింది. పైన ఎండకు ఇంచుమించు 50 డిగ్రీల వేడి. ఎనిమిది సెంటీమీటర్ల లోతున, అంటే నా అరచేతి వెడల్పు లోపల, సున్నాకు దిగువన 10 డిగ్రీల చలి. పై వేడిని ఆ పొడి కిందికి పోనివ్వదు. ఈ లెక్క కూడా ఆ ఆగస్టు 27నే బయటకు వచ్చింది. హాలులో నేను దీన్ని చెప్పినప్పుడు పిల్లలు ఏమీ అనలేదు. వెనక కూర్చున్న ముసలివాళ్ళలో ఒకాయన, మగ్గం మీదనే నడుము వంగినవాడు, పక్కవానితో "మన చద్దరు లెక్కనే" అన్నాడు. ఆ మాట నాకు వినబడింది.

మొదటి వారం మరాఠీలో చెప్పమన్న కుర్రవాడు పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, కండె ఒకసారి చూస్తానని అడిగాడు. వాడికి అదేమిటో తెలియదు. వాళ్ళ ఇంట్లో మగ్గం పోయి రెండు తరాలైంది. వాడికి తెలుగులో రాకెట్టు తెలియకపోవడం కంటె కండె తెలియకపోవడం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. రాకెట్టును వాడు టీవీలో చూస్తాడు. కండెను ఎవరు చూపిస్తారు? కొత్త మాటలు రాకపోతే భాష ఇంట్లోనే ముడుచుకుంటుందని మొదట అనుకున్నాను. పాత మాటలు చేతిలో లేకపోతే కొత్తవాటిని పట్టుకునే చెయ్యి కూడా ఉండదని ఆ పూట తెలిసింది.

విక్రమ్, ప్రజ్ఞాన్ ఆ వారమే నిద్రపోయాయి. చంద్రుడి పగలు మన లెక్కన పద్నాలుగు రోజులు, రాత్రీ అంతే. ఆ రాత్రి చలి దాటి సెప్టెంబరు 22న లేస్తాయేమోనని మా మనుమరాలు ఎదురుచూసింది. లేవలేదు. "రాతి దుప్పటి మీదనే పండుకున్నయి తాతా" అన్నది. ఎవరూ నేర్పకుండా, మరాఠీ కలపకుండా అన్నది.

ఇప్పుడు దాని దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అంచె, గాడి, కొస, దిగుడుబండి, మెరక, గట్టు, రాతి దుప్పటి వరసగా వ్రాసుకున్నది. ఒక మాటకు మాత్రం మేమిద్దరం ఓడిపోయాము. రాకెట్టు మోసుకుపోయే అసలు సరుకును పేలోడ్ అంటారు. సరుకు అంటే కిరాణా కొట్టులాగుందని మనుమరాలికి నచ్చలేదు. మూట అన్నాను, అదీ నచ్చలేదు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి, బండి మీద కిరాయికి వేసిన సరుకుకు మంచి మాట ఏదైనా ఉంటే పత్రికకు వ్రాయండి. నోటుపుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంచాము.

మా ఇనప్పెట్టెలో నాయిన నేసిన చద్దరు ఒకటి ఉంది. అంచు చిరిగింది గాని రంగు పోలేదు. ఈ సంగతులన్నీ వ్రాయడం ముగించిన రాత్రి దాన్ని తీసి, మేడ మీద పరచుకొని కూర్చున్నాను. అష్టమి. మనుమరాలు దుర్భిణి పట్టుకొని అంచున గుంటలు లెక్కపెడుతోంది. నేను మాత్రం చద్దరు మీద అరచెయ్యి ఆనించి, "దిగవడదు నాయినా, మెత్తని పొడే గాని కింద రాయున్నది" అని మెల్లిగా అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావు తాతా అని అది అడిగింది. చెప్పాను.